ఆఖరి పంక్తి

"బల్ల మీదున్న ఈ రెండు సుద్దముక్కలూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి" అన్నాను ఇంటర్ పిల్లలతో.

"మరి దగ్గరికి రావేం సార్?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న.

ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ మరోదాన్ని లాగుతుంది. కానీ సుద్దముక్కల మధ్య ఆ లాగుడు బల్ల గరుకును గెలవలేనంత స్వల్పం. అంత స్వల్పమైనదాన్నే 1797లో, లండన్ దగ్గరి క్లాఫామ్‌లో, అరవై దాటిన హెన్రీ కావెండిష్ కొలవబోయాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఆరడుగుల కర్రను సన్నని తీగకు వేలాడదీసి, రెండు కొసలకూ ముప్పావు కిలో లోపు సీసపు గుండ్లు కట్టాడు. వాటి పక్కకు 158 కిలోల పెద్ద గుండ్లను జరిపాడు. పెద్ద గుండు చిన్నదాన్ని లాగే బలం ఒక్క ఉప్పురేణువు బరువంతైనా ఉండదు. మనిషి ఒంటివేడికి కదిలే గాలి చాలు, కొలత చెదిరిపోతుంది. అందుకని పరికరాన్ని గదిలో పెట్టి తలుపులు మూసి, బయటి నుంచే తాళ్ళతో గుండ్లు జరుపుతూ, గోడకు అమర్చిన దుర్భిణిలోంచి కర్ర తిరగడం చూశాడు. ఆ లాగుడును భూమి లాగుడుతో పోల్చి లెక్కిస్తే 29 ఫలితాలు వచ్చాయి. సగటు కట్టి, భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని 1798లో ప్రకటించాడు.

"అంత జాగ్రత్తపరుడూ కూడికలో తప్పాడు. ఒకచోట 4.88 బదులు 5.88 వేశాడు. సరిగ్గా కడితే 5.45 దాకా వస్తుంది. చాలా ఏళ్ళకు ఖగోళవేత్త ఫ్రాన్సిస్ బెయిలీ ఆ తప్పు పట్టుకున్నాడు."

"అసలు విలువ ఎంత సార్?"

"5.51."

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత క్లాసంతా గొల్లుమంది. తప్పు కూడితేనే నిజానికి దగ్గరయ్యాడు మరి!

బెల్లు కొట్టాక అందరూ వెళ్ళారు. ముందు బెంచీ అమ్మాయి మాత్రం ప్రాక్టికల్ రికార్డు గుండెకు హత్తుకుని నిలబడింది. మొన్న లఘులోలకం ప్రయోగంలో g విలువ సరిగ్గా 980 తెచ్చింది తనే. క్లాసులో అందరికీ ఆ రికార్డు ఎత్తి చూపించాను కూడా.

"సార్, నాదీ అంతే. అయిదు కొలతల్లో మూడోది 23.9. సగటు కట్టేటప్పుడు 24.9 వేశాను. సరిచేస్తే 972 వస్తోంది. మార్కులు తగ్గించండి."

"ఎప్పుడు చూసుకున్నావమ్మా?"

"మీరు దిద్ది ఇచ్చిన రోజే సార్. మీరు చూసే వదిలేశారేమో అనుకున్నాను."

రికార్డు అందుకుని తెరిచాను. కొలతల పట్టిక ఉన్న పేజీలో ఎక్కడా ఎర్రసిరా చుక్క లేదు. పేజీ తిప్పితే, ఆఖరి పంక్తిలో 980 పక్కన, నా చేతిరాతతో 'వెరీ గుడ్'.