సబ్మిట్ నొక్కాక

మాది మంగళగిరిలో చిన్న చేనేత వ్యాపారం. 2014లో ఒక కుర్రాడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. దానివల్ల ఒక్క ఆర్డరూ రాలేదని నాన్న అతనికి ఇవ్వాల్సిన చివరి 5,000 ఆపేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ 8 మగ్గాలు 3 అయ్యాయి. నిజాం అంచు నేయాలంటే ఆయనే అనిపించుకున్న మా నేత బాబాయి గుంట మగ్గం వదిలేసి, గుంటూరులో ఓ అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా వెళ్ళిపోయాడు.

పోయినేడాది సైటు నేనే చూసుకుంటానన్నాను. చదివింది బీకాం. మొదటి వారమే ఒక ప్లగిన్ అప్‌డేట్ చేస్తే సైటంతా తెల్ల కాగితమైపోయింది. చేతులు చల్లబడ్డాయి. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మారిస్తే చాలు, అది ఆగిపోయి సైటు మళ్ళీ లేస్తుందని రాత్రి ఒంటిగంటకి తెలిసింది. అప్పట్నుంచీ బ్యాకప్ తీయకుండా ఏ బటనూ ముట్టుకోలేదు. ఫోన్లో తీసిన 5 ఎంబీ చీర ఫొటోని 200 కేబీకి కుదించడం, ధర మార్చినా పాతదే కనిపిస్తుంటే క్యాషే ఖాళీ చేయడం ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. మన కొట్టు తలుపు మనమే తీసుకోగలగడంలో ఎంత ధైర్యముందో!

ఒకరోజు "సంప్రదించండి" ఫారంలో నా పేరే రాసి సబ్మిట్ నొక్కాను. "ధన్యవాదాలు, త్వరలో మాట్లాడతాం" అని తెర మీద వచ్చింది. మెయిల్ మాత్రం రాలేదు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే, మా మెయిల్ చిరునామాలో మంగళగిరి స్పెల్లింగ్ తప్పు. 'ఎల్' తర్వాత ఉండాల్సిన 'ఎ' లేదు.

జనం పంపినవాటి కాపీలు సైటు లోపలే పడి ఉన్నాయి. 211. తెల్లవార్లూ చదివాను. బెంగళూరు నుంచి ఒకావిడ మూడుసార్లు రాసింది. కూతురి పెళ్ళికి నిజాం అంచు చీరలు 60 కావాలట. మూడోసారి, "కుదరదనైనా చెప్పండమ్మా" అని. తేదీ చూశాను. బాబాయి మూట సర్దుకుని బస్సెక్కిన వారం.

పొద్దున్నే నాన్న ముందు ఆ కుర్రాడి మీద మండిపడ్డాను. "డబ్బు ఆపడం కాదు, కేసు పెట్టాల్సింది నాన్నా!"

"మనం రాసిచ్చిన కాగితం జెరాక్సు ఉండాలే" అంటూ నాన్న బీరువాలోంచి పాత ఫైలు తీశారు. పేరు, ఫోను, మెయిల్. మెయిల్లో ఆ 'ఎ' లేదు.

అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతల్లేకుండా ఉన్నాయి. అప్పుడు నేను పదో తరగతి. "మా అమ్మాయి ఇంగ్లీషు చక్కగా రాస్తుంది" అని ఆ కుర్రాడికి చెప్పి, నాన్న ఆ కాగితం నాచేతే రాయించారు.