కడబంతిలో పిల్లలు

మా మనవడికి ఈ వేసవిలో ఫుట్‌బాల్ పాసింగ్ వచ్చేసింది. నేనంటున్న మాట కాదు, సర్టిఫికెట్ అంటోంది. బంగారు అంచు, కింద అర్థం కాని సంతకం, మధ్యలో ‘పాసింగ్: ఎ ప్లస్’. క్యాంపులో చేరిన 20 మందికీ ఎ ప్లస్సే. ఫీజు కట్టినవాణ్ణి ఫెయిల్ చేయడం మన దగ్గర మర్యాద కాదు కదా.

శిక్షణ ఎలా సాగిందో కళ్లారా చూశాను. రోజూ సాయంత్రం టర్ఫ్ వల బయట ప్లాస్టిక్ కుర్చీ నాది. పిల్లల్ని ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబెట్టేవారు. మధ్యలో నారింజ రంగు కోన్లు. ముందున్నవాడు కాలి లోపలి పక్కతో బంతిని అవతలి వరసకు తోసి, పరుగెత్తుకెళ్లి వెనక నిలబడాలి. అంతే. ఆడే బంతికీ, భోజనాల బంతికీ మన భాషలో ఒకటే మాట. ఆ క్యాంపులో ఆటా ఒకటే అయిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు గానీ, ఇక్కడ వడ్డన వచ్చేసరికి విస్తరి ఎండిపోయేది.

ఊరికే ఉండలేక లెక్క కట్టాను. 20 మంది, ఒక బంతి, 40 నిమిషాలు. ‘చీలమండ బిగించు నాన్నా’ లాంటి కోచ్ గారి సవరణలు కలుపుకుని పాసుకు 10 సెకన్లు. మొత్తం 240 పాసులు, తలకు 12. మిగతా సమయంలో మా వాడు బూటు లేసుకు రకరకాల ముళ్లు వేయడం నేర్చుకున్నాడు. పాపం, ఆ విద్యకు సర్టిఫికెట్‌లో గడి లేదు.

కోన్ల మీద నాకు కోపం లేదు. వాటంత బుద్ధిమంతులు లేరు. మీదికి రావు, బంతి లాక్కోవు, కాలు అడ్డం పెట్టవు. చిక్కల్లా ఏమిటంటే, పాస్ అనేది కాలి పని కాకముందు కంటి పని. ఎవడు ఖాళీగా ఉన్నాడు, ఎవడు మీదికొస్తున్నాడు, ఇప్పుడిస్తే అందుతుందా, క్షణం ఆగాలా? కోన్లతో ఆడేవాడికి తలెత్తే అవసరమే రాదు. క్యాంపు ఆఖర్న మ్యాచ్ పెట్టారు. ఎదుటి జట్టు పిల్లలు కదిలారు! మా వాళ్లకు ఇది ఘోరమైన అన్యాయంగా తోచింది. కోన్లు ఏనాడూ అలా చేయలేదు.

క్యాంపు గోడ మీద బార్సిలోనా జట్టు బొమ్మ, కింద వాళ్ల పొట్టి పాసుల ఆట పేరు ‘టికి టాకా’ అని రాత. ఆ క్లబ్బు అకాడమీలో పిల్లలు ఆడే రోండో ఏమిటయ్యా అంటే, చుట్టూ నలుగురైదుగురు, బంతి లాక్కోవడానికి మధ్యలో ఒకడో ఇద్దరో. పోగొట్టినవాడు లోపలికి, లాక్కున్నవాడు బయటికి. ఇదే సంగతి కోచ్ గారితో అంటే, ‘అది అడ్వాన్స్‌డ్ సార్, ముందు టెక్నిక్, తర్వాతే ఆట’ అన్నాడు. ముందు ఈత, తర్వాత నీళ్లు అన్నమాట.

ఆ బొమ్మ కోసం అంత దూరం వెళ్లడం దేనికో. ఇదే హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టించారు. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకునే వీల్లేకపోతే కుర్రాడేం చేస్తాడు, తలెత్తి చూడక! ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ స్వర్ణం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడే. అయితే రహీం సాబ్ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది: దానికి కోన్లు కొనక్కర్లేదు.

తల్లిదండ్రుల సేవను తక్కువ చేయకూడదు. పాసింగ్ నేర్పమని డబ్బు కట్టిన నాన్నలే మ్యాచ్ రోజున వల పట్టుకుని వేలాడుతూ ‘వాడికివ్వకురా, నువ్వే కొట్టు!’ అని గొంతు చించుకున్నారు. నిజమే మరి, పాస్ ఇచ్చిన వీడియో చుట్టాల గ్రూపులో పెడితే ఎవరు చూస్తారు? మా వాడు ఒకే ఒక్కసారి తలెత్తి, పక్కనున్న కుర్రాడికి బంతి అందించాడు. ఆ కుర్రాడు గోల్ కొట్టాడు. ఇల్లు చేరేదాకా కారులో మా అల్లుడు నోరు విప్పలేదు.

ఆ తలెత్తడం వాడికెక్కడ అబ్బిందో నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. అక్కడ బంతి కారుకు తగిలితే వాచ్‌మన్ లాక్కుంటాడు. కాబట్టి పాసులన్నీ నేలబారుగా, ఠక్కుఠక్కున, స్తంభాల సందుల్లోంచి నడుస్తాయి.

నిన్న క్యాంపు వాళ్లు ఫోన్ చేశారు. రెండో లెవెల్ మొదలవుతోందట. ఈసారి కోన్లు రెండు రంగుల్లో ఉంటాయట.