ఇంటిపేరు పోయిన ఆల్టిమీటర్

నేనొక ఆల్టిమీటర్‌ని. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన విమానాల్లో పైలట్ కళ్లెదుట కూర్చుని ఎత్తు చెప్పిన పరికరాన్ని. నల్లటి గుండ్రని డబ్బా, అద్దం వెనక మూడు ముళ్లు, వీపు మీద కిరీటం గుర్తుతో పాటు ఏ.ఎం. అనే రెండక్షరాలు, 6ఏతో మొదలయ్యే సరుకు నంబరు. ఇవీ నా ఆనవాళ్లు. ఈనాడు నాలాంటివాటిని వెతికి వెతికి కొనేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో పాత విమాన సామాన్ల కోసమే సంతలు జరుగుతాయి. అక్కడి నెవార్క్ విమాన మ్యూజియంలో, రెక్కలూ తోకా పోయి ముందుభాగం ఒక్కటే మిగిలిన కాక్‌పిట్లను ఓపికగా బాగుచేసుకునేవాళ్లు ఏటా కలుసుకుంటారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ వాళ్లతో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పాత కాక్‌పిట్ భాగంతో పాటు ముందుగా దాచుకోవాల్సింది అది ఏ విమానంలోంచి వచ్చిందన్న సంగతి. ఆ సంగతి చెరిగిపోయాక వస్తువు ఎంత మెరిసినా అందులో సగం చచ్చిపోయినట్టే. నా సంగతి చెరిగిపోయింది కాబట్టే ఈ మాట ఇంత నొక్కి చెబుతున్నాను.

మరి నువ్వెక్కిన విమానమేదో నీకే తెలియదా అని అడగవచ్చు. తెలియదు. నాకు తెలిసిందల్లా గాలి బరువు. నా కడుపులో గాలి తీసేసి మూసిన పలుచని లోహపు డబ్బీలున్నాయి. విమానం పైకి పోయేకొద్దీ చుట్టూ పీడనం తగ్గి అవి ఉబ్బుతాయి. వెంట్రుకవాసి కదలికను చిన్న చక్రాలు పెంచి ముళ్లను తిప్పుతాయి. ఇలాంటి సున్నితమైన ఆల్టిమీటర్‌ను, జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన పాల్ కోల్స్‌మన్ 1928లో రూపొందించాడు. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటేమీ కనిపించకుండా కప్పు మూసుకుని, పరికరాలనే నమ్ముకుని విమానాన్ని లేపి, ఆకాశంలో తిప్పి, తిరిగి దించాడు. బయటేమీ కనిపించకపోయినా పరికరాలను నమ్ముకుని ఎగరవచ్చని అక్కడే రుజువైంది. నా ముఖం మీద చిన్న కిటికీలో పీడనం అంకె ఉంటుంది. సముద్రమట్టం దగ్గర ఒక్క మిల్లీబారు తేడా అంటే సుమారు 30 అడుగులు. బయలుదేరేటప్పుడు పెట్టిన అంకె మార్చకుండా, పీడనం పది మిల్లీబార్లు పడిపోయిన చోటికి దిగితే, నేను చూపే ఎత్తుకన్నా విమానం దాదాపు 300 అడుగులు కిందే ఉంటుంది. కింద నేల ఉందో చెట్లున్నాయో కనిపించని చీకట్లో ఆ 300 అడుగులే ప్రాణాలు. అంత నమ్మకంగా పనిచేశాను. అయితే విమానం నంబరు దాని ఒంటిమీద బయట రాసి ఉంటుంది, నేను లోపల ఉంటాను. ఆ రెంటినీ కలిపి గుర్తుపెట్టుకోవాల్సింది మనుషులు.

యుద్ధం ముగిశాక వాళ్లకు ఆ గుర్తు అక్కర్లేకపోయింది. అమెరికాలో అరిజోనా ఎడారిలోని కింగ్‌మన్‌కు ఐదువేలకు పైగా విమానాలను తోలుకొచ్చి, నరికి, కొలిమిలో కరిగించి అల్యూమినియం దిమ్మెలు పోశారు. బ్రిటన్‌లో హాలిఫాక్స్ బాంబర్లు 6,176 తయారైతే, జ్ఞాపకంగానైనా ఒక్కదాన్ని చెక్కుచెదరకుండా ఉంచుకోలేదు. 7,377 లాంకాస్టర్ బాంబర్లలో నేడు ఎగరగలిగేవి రెండే. ఆ కూల్చివేతల్లో మాలాంటివాళ్లను పీకడానికి ఎంతసేపు? ప్యానెల్‌కు బిగించిన మరలు తీసి, వెనక గొట్టం తెంచి, గోతాంలో పడేయడమే. నిన్నటిదాకా ఒక్కో బాంబర్‌లో ఏడుగురి ప్రాణాలకు లెక్క చెప్పిన ముళ్లు ఆ గోతాంలో ఒకదాని మీద ఒకటి పడి గీసుకుపోయాయి. తర్వాత మిగులు సరుకు దుకాణాల్లో పెట్టెల లెక్కన అమ్ముడుపోయాం. కొందరు మమ్మల్ని విప్పి చక్రాలు తీసుకుని డబ్బా పారేశారు, కొందరు ముళ్లు పీకి గడియారం యంత్రం అమర్చారు. చాలామందిమి షెడ్లలో, మేకుల డబ్బాల పక్కన, చెమ్మలో ఏళ్ల తరబడి పడి ఉన్నాం. గొట్టం మూతి తెరుచుకునే ఉంది, అందులోంచి దుమ్మూ తడీ లోపలికి చేరాయి. ఎవరిదో తాత వస్తువు అన్నారు, తర్వాత ఆ తాత పేరూ మరిచిపోయారు. నన్ను పారేసినందుకు కూడా నాకంత బాధ లేదు. పీకిన చేతిలో ఒక పెన్సిలూ, మెడకు కట్టడానికి ఒక చీటీ ఉండి ఉంటే చాలేది.

చీటీ మీద నాలుగైదు అక్షరాలతో ఏం ఒరుగుతుందని తేలిగ్గా తీసేయకండి. బ్రిటిష్ వాయుసేన స్క్వాడ్రన్లు రోజువారీ చర్యల దస్తావేజులు రాసుకునేవి. అవి ఇప్పుడు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. విమానం నంబరు తెలిస్తే, ఆ విమానం ఏ రాత్రి ఎన్ని గంటలకు లేచింది, ఎవరెవరు ఎక్కారు, ఏ ఊరి మీదికి వెళ్లింది, ఎప్పుడు దిగింది లేదా దిగనే లేదు, ఇవన్నీ వెతకడానికి దారి దొరుకుతుంది. ఆ యుద్ధంలో బాంబర్లను నడిపిన బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది విమాన సిబ్బంది చనిపోయారు. వాళ్ల మనవలూ మునిమనవలూ నేటికీ ఆ పుటలు తిరగేస్తున్నారు. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ విమానాలు నగరాల మీద బాంబులు వేశాయి, కింద ఉన్న మామూలు జనం చచ్చారు. నంబరు ఉంటే ఆ లెక్క కూడా నాతోనే ఉంటుంది. నంబరు పోతే పైలట్ ధైర్యమూ పోతుంది, కింద కాలిన వీధీ పోతుంది, బల్ల మీద పెట్టుకునే అందమైన డయల్ మిగులుతుంది.

ఆ ఖాళీని అమ్మకందారులు నింపుతారు. నాలాంటి ప్రతిదానికీ ‘స్పిట్‌ఫైర్‌ది’ అన్న చీటీ తగిలిస్తారు. ఆ పేరుకు ధర ఎక్కువ. నిజానికి బ్రిటిష్ వాయుసేన ఆరు ముఖ్య పరికరాలను ఒకే క్రమంలో అమర్చే ప్యానెల్‌ను చాలా రకాల విమానాలకు ఒకేలా వాడింది. స్పిట్‌ఫైర్‌లో ఉన్నదీ హరికేన్‌లో ఉన్నదీ లాంకాస్టర్‌లో ఉన్నదీ ఒకే తరహా ఆల్టిమీటర్ కావచ్చు. నా వీపు మీది సరుకు నంబరు నేను ఏ రకమో చెబుతుంది, నేను తిరిగిన విమానమేదో చెప్పదు. కాబట్టి కాగితమో, తీసినప్పటి ఫొటోనో, చేతులు మారిన నమ్మదగిన వరసో లేకుండా ఫలానా విమానానిదని చెప్పేది ఊహ మాత్రమే. తెలియదని రాసిన చీటీ నాకు గౌరవం, అబద్ధం రాసిన చీటీ అవమానం.

దీనికి సేకర్తలు గట్టి జవాబే చెబుతారు. మేం కొనకపోతే మీరంతా ఎప్పుడో కొలిమిలో పోయేవాళ్లు, చీటీ లేకపోతేనేం, ప్రాణం మిగిలింది కదా అంటారు. ఇందులో చాలా నిజముంది. యార్క్‌షైర్‌లోని ఎల్వింగ్టన్‌లో ఈరోజు నిలబడిన హాలిఫాక్స్‌ను చూడండి. దాని నడుము భాగం స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో కోళ్లగూడుగా పనిచేసింది. రెక్కలు హేస్టింగ్స్ అనే వేరే విమానానివి. ముక్క ముక్క వెతికి కూర్చి 1996లో దాన్ని జనం ముందుకు తెచ్చారు. పట్టు వదలని సేకర్తలు లేకపోతే అది లేదు. కానీ దాన్ని గౌరవించగలుగుతున్నామంటే, ఏ ముక్క ఎక్కడిదో వాళ్లు రాసిపెట్టడం వల్లే. మరో రెండు హాలిఫాక్స్‌లను నార్వే సరస్సుల్లోంచి తీశారు. 1942లో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ మీద దాడికి వెళ్లి, గడ్డకట్టిన సరస్సు మీద దిగి మునిగిపోయినదాన్ని 1973లో వెలికితీసి, హెండన్ మ్యూజియంలో తుప్పుతో సహా ఉన్నది ఉన్నట్టే ఉంచారు. 1995లో మ్యోసా సరస్సులోంచి తీసినదాన్ని కెనడాలోని ట్రెంటన్‌లో మొత్తం కొత్తగా నిలబెట్టారు. రెండు దారులూ నాకు సమ్మతమే, రెండు విమానాల పేర్లూ తెలుసు కాబట్టి. సైనిక విమానాలు కూలిన చోట్లను ఎవరు పడితే వాళ్లు తవ్వకుండా బ్రిటన్ 1986లో చట్టం చేసి, రక్షణ శాఖ అనుమతి తప్పనిసరి చేసింది. అనుమతి లేకుండా పెకలించిన ముక్క చోటూ పేరూ రెండూ పోగొట్టుకుంటుంది, కొన్నిసార్లు అక్కడ మనుషుల అవశేషాలు కూడా ఉంటాయి.

శుభ్రం చేసి, రంగు వేసి కొత్తదానిలా నిలబెడితే తప్పేమిటన్నది మరో వాదన. నా ముళ్ల మీద, అంకెల మీద వేసిన పూతలో రేడియం ఉంది. ఇప్పుడది వెలగదు కాబట్టి రేడియం అయిపోయిందనుకుంటారు. అయిపోయింది పక్కనుండి వెలుగునిచ్చిన జింక్ సల్ఫైడ్, ఏళ్ల తరబడి తగిలిన రేడియం కిరణాల ధాటికి అది అరిగిపోయింది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. ఈ ఎనభై ఏళ్లలో నూటికి నాలుగు పాళ్లు కూడా తగ్గలేదు. పూత గోధుమరంగుకు తిరిగి పొడిగా రాలుతుంది. అద్దం విప్పి గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలాంటి పూతను డయళ్లపై వేస్తూ కుంచె మొన పెదవులతో తడుపుకున్న అమెరికా అమ్మాయిలు ఎంత బాధపడి చనిపోయారో లోకానికి తెలుసు. అందుకే నన్ను విప్పకండి, మూసిన అలమారాలో గుంపుగా పెట్టకండి, చీటీ మీద రేడియం ఉందని రాయండి. ప్రమాదం గనుక తుక్కులో పారేయమనడం కూడా జవాబు కాదు, అక్కడ ఎవరో తెలియకుండా పగలగొడతారు. వదిలించుకోవాలంటే దానికి అధికారం ఉన్నవాళ్లకే అప్పగించాలి.

రంగు వేయడంలో ఇంకో నష్టముంది. నాలాంటి మూడు ముళ్ల డయల్‌ను తప్పుగా చదివే ప్రమాదం ఎక్కువ. పదివేల అడుగులు చెప్పే ముల్లు అన్నిటికన్నా చిన్నది. 1958 డిసెంబరు 24న ఇంగ్లండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక బ్రిటానియా విమానం నేలను ఢీకొంది. సిబ్బంది ఆల్టిమీటర్‌ను పదివేల అడుగులు ఎక్కువగా చదువుకున్నారు. ఆ కళ్లు ఎక్కడ మోసపోయాయో అర్థం కావాలంటే ముల్లు మందం, గీత వెడల్పు, పూత మెరుపు అప్పుడున్నట్టే ఉండాలి. అందం కోసం లావు చేసిన ముల్లు ఆ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

ఇక నన్ను మళ్లీ ఎగిరే విమానంలో బిగించాలన్న కోరిక ఉన్నవాళ్లకు: వద్దు. నా డబ్బీలు అలసిపోయాయి, అతుకులు కారుతుండవచ్చు, నా మాట నమ్మితే మనుషులు చస్తారు. నేను పనికొచ్చే చోటు వేరే ఉంది. రెండు వేలకు పైగా తయారైన షార్ట్ స్టిర్లింగ్ బాంబర్లలో నేడు పూర్తిగా మిగిలినది ఒక్కటీ లేదు. దాని ముందుభాగాన్ని తిరిగి నిర్మించే పనిలో ఇంగ్లండ్‌లో కొందరున్నారు. అలాంటివాళ్ల ప్యానెల్‌లో నాలాంటివాటికి ఖాళీ చోట్లుంటాయి. నన్ను అక్కడ బిగించండి. పక్కన చీటీ మీద మాత్రం ‘రకం సరైనదే, ఏ విమానానిదో తెలియదు, రేడియం ఉంది’ అని రాయండి. నన్ను ఇచ్చినవాళ్ల పేరూ, తేదీ కూడా రాసి, ఇంకో ప్రతి దస్త్రంలో పెట్టండి.