పదివేల అడుగుల పుణ్యము

మా పొరుగున నివసించు పెద్దమనిషి యొకరు ప్రతిదినము ప్రాతఃకాలమున అయిదు గంటలకే మేల్కొని, పాలవలె తెల్లనైన బూట్లు తొడిగి, కారెక్కి పార్కునకు పోయి, ఆ కారును నిలుపుటకు నీడ గల చోటు దొరకువరకు పార్కు చుట్టును మూడు నాలుగు ప్రదక్షిణములు చేసి, తదనంతరము నడకకు ఉపక్రమింతురు. ఆ పార్కు వారి యింటికి అరమైలైన లేదు. “నడిచే వెళ్ళరాదా అండీ?” యని నేనొకనాడు అడుగగా, వారు నావంక జాలిగా చూచి, “రోడ్డు మీద నడిచి పోతుంటే కారు అమ్ముకున్నాననుకోరూ!” అనిరి.

ఈ మహానుభావుని మణికట్టున నొక గడియారము గలదు. అది కాలమును చెప్పుట తక్కువ, అడుగులను లెక్కించుట యెక్కువ. మొన్న రాత్రి పదకొండు దాటిన పిమ్మట వారి హాలులో దీపము వెలుగుచుండుట చూచి, ఎవరికేమి కీడు మూడినదో యని పరుగున పోయితిని. వారు సోఫాకును ఫ్రిజ్జునకును నడుమ గానుగెద్దువలె తిరుగుచున్నారు! “ఇంకా మున్నూట పన్నెండు తక్కువండీ” యని చేయి చూపిరి. ఉదయము మొదలు వంటింటికిని భోజనాల బల్లకును నడుమ వారి యిల్లాలు తిరిగిన తిరుగుడును మాత్రము ఎవరును లెక్కింపలేదు. ఆమె చేతికున్నవి గాజులు.

ఇంతకును ఈ పదివేల సంఖ్యను ఏ చరకుడును విధింపలేదు. టోక్యో ఒలింపిక్సు ముగిసిన మరుసటి యేడు, అనగా 1965లో, జపాను కంపెనీ యొకటి అడుగులు లెక్కించు చిన్న యంత్రమును అంగడికి దించి, దానికి ‘మాన్‌పోకే’ యని, అనగా పదివేల అడుగుల మాపకమని, నామకరణము చేసినది. బేరగాని నోట పుట్టిన ఆ గుండ్రని అంకెయే నేడు వేదవాక్యమై కూర్చున్నది. అమెరికాలో 16,741 మంది వృద్ధ స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనమున, దినమునకు 7,500 అడుగులు దాటిన పిదప ఆయుర్లాభము మరి పెరిగినట్లు కానరాలేదు. తక్కిన 2,500 అడుగులును ఎవరి ఖాతాకు జమయగుచున్నవో మా పొరుగువారే చెప్పవలెను.

వారినడుగగా, “నడక మన పూర్వుల సంప్రదాయమండీ” యని సెలవిచ్చిరి. పూర్వులలో ఎవరు నడిచిరి? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశి సేవించి, 1831 సెప్టెంబరున తిరిగివచ్చిరి. వారి ‘కాశీయాత్ర చరిత్ర’కు మనము చేతులు జోడించుట న్యాయమే. కాని వారు పోయినది పల్లకిలో. నడిచినవారు ఆ పల్లకి మోసిన బోయీలు. వారిలో నెవ్వడును గ్రంథము వ్రాయలేదు, పొద్దుగూకినంతనే పాదములు పిసుకుకొని నిద్రించి యుందురు. 2020 వేసవిలో లాక్‌డౌను నాడు, బిడ్డలను భుజమున నెత్తుకొని మేడ్చల్ మీదుగా నాగపురము దారిబట్టిన వలసకూలీలను టీవీలో చూచి, మా పొరుగువారు నిట్టూర్చి, “పాపం, రోజుకు ఎన్ని అడుగులవుతాయో!” యనిరి.

మొన్న తిరుమలకు వారితో నేనును పోయితిని. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు. మా ముందొక ముసలమ్మ మెట్టుమెట్టుకును వంగి పసుపు కుంకుమలద్దుచు ఎక్కుచున్నది. కొండపైకి చేరగనే మా పొరుగువారు స్వామి దర్శనమునకు ముందే మణికట్టును దర్శించి, “చార్జింగ్ పోయిందండీ, ఎక్కినదంతా వృథా!” యని మెట్టుమీద కూలబడిరి.

పాఠక మహాశయా, రేపు తమరు పార్కునకు పోదలచినచో కారును ఇంటనే యుంచి రావలసినదిగా నా విన్నపము. మా పొరుగువారికి నీడ గల చోటొకటి మిగులును.