డేట్‌లైన్ చూశారా? – ఓ టెలిప్రింటరు ఆత్మకథ

మద్రాసులో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ వారి ఫ్యాక్టరీలో పుట్టి, విజయవాడలో ఓ దినపత్రిక డెస్కు పక్కన స్థిరపడిన టెలిప్రింటరు చెప్పుకుంటున్న కథ ఇది. తన గురించి ఎప్పుడు చెప్పినా ‘ఈ ముసలిది’ అనే అంటుంది.

ఈ ముసలిదానికి తెలుగు రాదు. వచ్చేదంతా ఇంగ్లీషే, అదీ పెద్దక్షరాల్లో. వార్తాసంస్థ పీటీఐ వాళ్లు పంపిందల్లా నిమిషానికి 60 పైచిలుకు మాటల చొప్పున కొట్టేయడమే దాని పని. ప్రధాని ప్రసంగమైనా పత్తి ధరైనా అదే సిరా, అదే టకటక. ఫ్లాష్ వస్తే మాత్రం గంట మోగేది. సబ్ ఎడిటరు పరుగున వచ్చి కాగితం చింపి తెలుగు చేసేవాడు. న్యూస్ ఎడిటరుగారు మాత్రం వార్త చదవకముందే, అది ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే డేట్‌లైన్ చూసేవారు. “ఏ ఊరు? చెప్పిందెవరు?”

ఆ ప్రశ్న ఎంత అవసరమో 1971 మార్చిలో తెలిసింది. 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద విరుచుకుపడింది. విదేశీ విలేకరులను హోటల్లో నిర్బంధించి, ఆపై విమానం ఎక్కించి పంపేసింది. ఇక ఢాకా కబుర్లన్నీ కలకత్తా, ఢిల్లీ, లండన్ డేట్‌లైన్లతోనే. పాక్ జనరల్ టిక్కా ఖాన్ హతుడయ్యాడన్న వార్త కూడా అలాగే పాకింది. ఆ ‘హతుడే’ మరుసటి ఏడాది పాక్ సైన్యాధిపతి అయ్యాడు! అలాగని పరాయి ఊరి డేట్‌లైన్ అంతా బూటకమనీ కాదు. హోటల్లోనే నక్కిన సైమన్ డ్రింగ్, కర్ఫ్యూ సడలించాక ఊరు తిరిగి చూసి, బ్యాంకాక్ చేరి రాసిన కథనం మార్చి 30న ‘డైలీ టెలిగ్రాఫ్’లో వచ్చింది. ఊరు బ్యాంకాకే కానీ, చూసిన కళ్లు ఢాకావి.

ఎమర్జెన్సీలో కథ తిరగబడింది.

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీ బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికలకు కరెంటు తీసేశారు. ఆ వెంటే సెన్సారు. 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసింది. 1976లో పీటీఐ, యూఎన్‌ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి నాలుగింటినీ కలిపి ‘సమాచార్’ చేశారు. అంతకుముందు అనుమానమొస్తే డెస్కువాళ్లు పక్కనున్న యూఎన్‌ఐ యంత్రంతో సరిచూసుకునేవారు. ఇప్పుడా దారీ మూసుకుపోయింది. ఆ ఏప్రిల్‌లో తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డొచ్చినవాళ్లపై కాల్పులు జరిపారు. ఆ రోజూ ఢిల్లీ డేట్‌లైన్‌తో ఈ ముసలిది బారల కొద్దీ కాగితం కక్కింది. అందులో ఆ చావుల ఊసే లేదు. ఊరు సరైనదే, వార్తే రాలేదు.

1978లో ఏజెన్సీలు మళ్లీ విడిపోయాయి. డెస్కు ఊపిరి పీల్చుకునేలోగా 1979 మార్చి 22న రెండు యంత్రాలూ ఒకేసారి గంట కొట్టాయి: జయప్రకాశ్ నారాయణ్ మృతి. లోక్‌సభలో ప్రకటించింది సాక్షాత్తూ ప్రధాని మొరార్జీ దేశాయ్. సభ నివాళులర్పించి వాయిదా పడింది. ఆకాశవాణీ చెప్పేసింది.

“మనిషి బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో ఉంటే, చావు కబురు ఢిల్లీ నుంచేమిటయ్యా?” అన్నారు న్యూస్ ఎడిటరుగారు. “రెండు మిషన్లయితేనేం, నోరు ఒక్కటేగా!” బ్యానర్ ఆపించి బొంబాయికి ట్రంకాల్ బుక్ చేయించారు. లైను దొరికేలోపే సవరణ వచ్చింది: జేపీ బతికే ఉన్నారు.

అక్టోబరు 8న మళ్లీ అదే వార్త. ఈసారి డేట్‌లైన్ పట్నా. జేపీ ఉన్నదీ పట్నాలోనే. “ఇక కంపోజింగుకి ఇవ్వండి” అన్నారాయన.