వెనుక లైనర్ల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె. రాయి పెట్టి ముందు రక్షణ చేయుము
జాకి నెత్తి నట్లు జారదీసి
డ్రమ్ములోని ధూళి రాల్చక తుడిచియు
లైనరులను మార్చి లాభమొందు

అవతారిక: మదనపల్లె మార్కెట్‌కు టమాటా క్రేట్లు తోలే బొలెరో పికప్ ఆసామి ఒకరు ఇంటి ముందే వెనుక బ్రేకులు విప్పబోగా, అతనికి హితవుగా చెప్పిన ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. వేళ్లకు గ్రీజు అంటినవాడని మాత్రం శైలి చెబుతోంది.

ప్రతిపదార్థం: ముందు = మొదటగా, ముందు చక్రాలకు అని కూడా; రాయి పెట్టి = కదలని బరువైన రాయి అడ్డం వేసి; జాకిన్ ఎత్తి = జాకీతో బండిని లేపి; నట్లు = చక్రపు నట్లను; జారదీసి = సడలించి; ధూళి = అరిగిన లైనర్ల పొడిని; రాల్చక = గాలిలో కలవనీయక; లాభమొందు = మెకానిక్ కూలి మిగుల్చుకో.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: హ్యాండ్ బ్రేకు ఉండగా రాయెందుకని పూర్వపక్షం. సమాధానం: ఈ బండిలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, ఇప్పుడు విప్పబోయేదీ వాటినే. దాన్ని వదిలితే తప్ప డ్రమ్ము ఊడి రాదు. పోనీ గేరులో పెడతానంటారా? ఇంజను బలం వెళ్లేదీ వెనక్కే. ఒక చక్రం పైకి లేచిందంటే డిఫరెన్షియల్ మహిమ వల్ల గాల్లోది ఇటు తిరుగుతుంది, నేల మీదిది అటు దొర్లుతుంది. ఇక బండిని ఆపేది రాయొక్కటే. అందుకే ముందు చక్రాలకు అటొకటి ఇటొకటి పెట్టాలి. పుంగనూరు ఆవు పొట్టిదే, కానీ పుంగనూరు వారి రాయి కూడా పొట్టిదైతే చాలదు.

రెండో పాదంలో క్రమభంగ దోషముంది. నట్లను చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా సడలించాలి. ముందే లేపితే స్పానర్‌తో పాటు చక్రమూ తిరుగుతుంది, బండీ ఊగుతుంది. కవి ఛందస్సు కోసం తారుమారు చేశాడు, చదువరి చేయరాదు. ఇంకొక లోపం, జాకీ పని లేపడమే, మోయడం కాదు. ఇరుసు కింద స్టాండు పెట్టమని కవి చెప్పలేదు. నేను చెబుతున్నాను. ఇటుకలు కుదరవు.

ధూళిని నోటితో ఊదడం, గాలి కొట్టడం నిషిద్ధం. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

‘ప్యాడులను మార్చి’ అని ఒక పాఠాంతరం ఉంది. అది అగ్రాహ్యం. ప్యాడ్లు ముందు డిస్కులకు, వెనుక ఉన్నది డ్రమ్ము, అందులో లైనర్లు. పైగా గణమూ చెడింది, యతీ తప్పింది.

‘లైనరులను’ అన్న బహువచనం రెండు పక్కలకూ వర్తిస్తుంది. ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. అయినా రెండూ ఒకేసారి విప్పవద్దు. స్ప్రింగుల అమరికకు రెండోది మాతృకగా ఉండాలి. స్ప్రింగు చేజారినప్పుడు కుప్పంలో మూడు భాషలు వినబడతాయి, సరిహద్దు ఊరు కదా. డ్రమ్ము బయట ఉండగా పెడల్ తొక్కితే సిలిండర్ పిస్టన్లు బయటికొస్తాయి. ఆటలాడే పిల్లల్ని స్టీరింగ్ దగ్గరకు రానివ్వకండి.

పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగే బండ్లకు ఈ పద్యం తరచుగా అవసరపడుతుంది. గేరు తగ్గించకుండా పెడల్ తొక్కిపట్టి దిగితే డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది.

2023 జులైలో మదనపల్లెలో కిలో టమాటా 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. అప్పుడైతే ‘లాభమొందు’కు టీకే అక్కర్లేదు. ధర పడ్డ ఏడు మాత్రం పైన చెప్పిన కూలి డబ్బులతోనే సరిపెట్టుకోవాలి.

పని ముగిశాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఖాళీ బండితో నెమ్మదిగా తిప్పి చూసుకోండి. సిలిండర్ దగ్గర తడి కనబడిందా, ఈ టీక అక్కడికి పనికిరాదు, మెకానిక్‌ను పిలవండి.