రూల్స్ సారు, పటర్ పంచాయితీ

నాగార్జునసాగర్ డ్యామ్ పక్కనున్న మా నందికొండలో గోల్ఫ్ మైదానం లేదు. హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీ దాకా గాలించినా గోల్ఫ్ కర్ర పట్టిన చెయ్యి దొరకడం కష్టం. ఆ ఆట చూడాలంటే నూట యాభై కిలోమీటర్లు పోయి హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నిలబడాలి. అయినా పటర్ ఎంత పొడవుండాలి, దాన్ని పొట్టకు ఆనించొచ్చా లేదా అన్న సంగతి మీద తిరుగులేని తీర్పు చెప్పే మనిషి ఇక్కడ ఒకడుంటాడు. ఆయనే రూల్స్ సారు. ప్రాజెక్టు ఆఫీసులోనో హైస్కూల్లోనో కరెంటాఫీసులోనో రిటైరై, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి, కారు నడపరాక సోఫాకు అతుక్కుపోయి, టీవీలో గోల్ఫ్ చూసి చూసి తిరిగొచ్చిన మనిషి. గోల్ఫ్ ఆడే తీగల సాహిత్ మన హైదరాబాదు వాళ్ల పిల్లగాడట అని మొదలుపెట్టిన చూపు మెల్లగా ముదిరి వ్యసనమైంది. అందరికీ ఆటలో బంతి కనిపిస్తే సారుకు చట్టం కనిపిస్తుంది. బంతి గుంతకు దగ్గరయ్యాక దాన్ని మెల్లగా దొర్లించడానికి వాడే కర్రే పటర్. మిగతా కర్రలు బలానికైతే ఇది నిబ్బరానికి. సారుకు మాత్రం ఇది కేసుకు.

ఈయన్ని అర్థం చేసుకోవాలంటే గోల్ఫ్ దాకా పోనక్కర్లేదు, సాయంత్రం క్లబ్బులో క్యారమ్ బోర్డు దగ్గర కాసేపు నిలబడితే చాలు. స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు, అడ్డం 4.13 సెంటీమీటర్లు మించకూడదు. ఇది సారుకు కంఠతా వచ్చు. కానీ ఆట మొదలయ్యేటప్పుడు ఆ లెక్క ఆయన నోటి నుంచి రాదు. అవతలివాడు రెడ్డు వేసి, కవరు కూడా చేశాకే స్ట్రైకర్ బరువుగా కనిపిస్తుంది. "గది పదిహేను గ్రాముల కన్న ఎక్కువుంటది, సూడుండ్రి" అంటాడు. చూడడమంటే మాటవరసకు కాదు, కంసాలి కొట్టుకు పంపించి తూకం వేయించాల్సిందే. పద్నాలుగున్నర తూగిందని కబురొస్తే అనుమానం స్ట్రైకర్ను వదిలి త్రాసు మీదికి ఎక్కుతుంది. ఆ త్రాసుకు తూనికల శాఖ ముద్ర ఎన్నడు పడింది? ఇంతా చేసి సారు సొంత స్ట్రైకర్, ఆ లావుపాటి తెల్లది, ఏనాడూ ఏ త్రాసూ ఎక్కలేదు. ఆడలేక మద్దెల ఓడన్నది పాత సామెత. సారు దాన్ని తిరగేశాడు: ఎదుటివాడు బాగా ఆడితే వాడి మద్దెల ఓడు.

నా వాదన ఇంతే. పనిముట్టు మీద అభ్యంతరం చాలాసార్లు పనిముట్టును చూసి పుట్టదు, గెలుపును చూసి పుడుతుంది. వింత కర్రతో వచ్చి చిత్తుగా ఓడినవాణ్ని చూసి జనం నవ్వుతారు గానీ నిబంధనల పుస్తకం తెరవరు. ఈ గుణం మన సారు ఒక్కడిదే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. గోల్ఫ్ చరిత్ర చూస్తే పెద్ద పెద్ద సంస్థల్లోనూ సారులే కూర్చున్నారనిపిస్తుంది. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికన్ ఇంగ్లండుకు వెళ్లి, శాండ్‌విచ్‌లో జరిగిన బ్రిటిష్ అమెచ్యూర్ టోర్నీ గెలిచాడు. ఆయన చేతిలో ఉన్నది షెనెక్టడీ పటర్. కర్ర తలకాయకు ఓ చివర కాకుండా మధ్యలో దిగిన రకం. 1910కల్లా అలాంటి పటర్లను బ్రిటన్‌లో గోల్ఫ్ నిబంధనలు చూసే ఆర్ అండ్ ఏ సంస్థ నిషేధించింది. అమెరికా గోల్ఫ్ సంస్థ ఒప్పుకోలేదు. చివరికి 1952లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. గెలిచిన ఆరేళ్లకు నిషేధమంటే దానికీ దీనికీ సంబంధమేముంది అని ఎవరైనా అడగొచ్చు. ఆఫీసు ఫైళ్ల నడక తెలిసినవాళ్లకు ఆరేళ్లు పెద్ద ఆలస్యం కాదు, సారు ఇంక్రిమెంటు అరియర్స్ అంతకంటే నిదానంగా వచ్చాయి.

ఇటీవలి ఉదాహరణ ఇంకా స్పష్టం. పొడుగు పటర్‌ను ఛాతీకో, మధ్యరకాన్ని పొట్టకో ఆనించి, అక్కణ్నుంచి తలుపు బందులా ఊపే పద్ధతి 1980ల నుంచే ఉంది. 1989లో ఆర్విల్ మూడీ పొడుగు పటర్‌తోనే అమెరికా సీనియర్ ఓపెన్ గెలిచాడు. పాపం, పెద్దవాడు, నడుం వంగదు, చెయ్యి వణుకుతుంది అనుకుని అందరూ జాలిపడి ఊరుకున్నారు. 2011 ఆగస్టులో కీగన్ బ్రాడ్లీ అనే పాతికేళ్ల కుర్రాడు పొట్టకు ఆనించిన పటర్‌తో పీజీఏ ఛాంపియన్‌షిప్ కొట్టాడు. 2012 జూన్‌లో వెబ్ సింప్సన్ యూఎస్ ఓపెన్, జులైలో ఎర్నీ ఎల్స్ బ్రిటిష్ ఓపెన్. ఇక జాలి ఆవిరైపోయింది. ఆ నవంబరులోనే నిషేధ ప్రతిపాదన వచ్చింది. మరుసటేడు ఏప్రిల్‌లో ఆడమ్ స్కాట్ ఛాతీకి ఆనించుకుని మాస్టర్స్ గెలిచాడు, మే నెలలో నిర్ణయం ఖాయమైంది, 2016 జనవరి 1 నుంచి అమలైంది. ఎల్స్ అంతకుముందే ఈ పద్ధతి నచ్చదంటూనే, రూలు ఒప్పుకున్నంత కాలం అందరిలా తానూ మోసం చేస్తానని నవ్వుతూ అన్నాడు. రూల్స్ సారు ఆ మాట వింటే నిద్రపోడు.

అయితే సంస్థల జవాబూ వినాలి. గెలుపోటముల లెక్కలు చూసి తాము నిషేధించలేదనీ, రెండు చేతులతో కర్రను స్వేచ్ఛగా ఊపడమే ఈ ఆటకు ప్రాణమనీ, దాన్ని ఒంటికి కట్టేస్తే అది ఊపు కాదనీ వాళ్లు చెప్పారు. ఇది మంచి కారణమే, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ కారణం 1989లోనూ అంతే మంచిది. అప్పుడు కనిపించని ప్రాణం కుర్రాళ్లు కప్పులెత్తాక ఎలా కనిపించిందన్నదే పేచీ. పైగా వాళ్లు కర్రను నిషేధించలేదు, ఆనించడాన్ని నిషేధించారు. బెర్న్‌హార్డ్ లాంగర్ తర్వాత కూడా పొడుగు పటర్‌తోనే ఆడాడు, చెయ్యి మాత్రం ఛాతీకి దూరంగా పెట్టుకుని. పొట్టకు ఆనించకూడదు, ముంజేతికి ఆనించుకోవచ్చు. చొక్కాకు తగిలినా పర్వాలేదు, కావాలని ఆనిస్తేనే తప్పు. సారుకు గుండె మండేది ఇక్కడే. పొడవైతే టేపుతో కొలుస్తాడు, బరువైతే కంసాలి ఉన్నాడు, ఉద్దేశాన్ని దేంతో కొలుస్తాడు? అందుకే టీవీ ముందు రిమోట్ పట్టుకుని "ఆపు, ఆపు, ఎన్కకు పో, అంగీకి తాకింది!" అంటూ ఒకే పటర్ దెబ్బను పదిసార్లు తిప్పించి చూస్తాడు. కోడలు కుక్కర్ దించి, అన్నం వడ్డించి పిలిచినా తీర్పు వాయిదా పడదు.

నా వాదనకు ఎదురుసాక్ష్యం లేకపోలేదు. క్రికెట్‌నే తీసుకోండి, 1979లో పెర్త్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగాడు. దాంతో ఘనకార్యమేమీ చేయలేదు. బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ ఫిర్యాదు చేశాడు, సొంత కెప్టెన్ గ్రెగ్ చాపెల్ కూడా కర్ర బ్యాటు పంపించాడు. 1980 నాటికి బ్యాటు కర్రదే కావాలని చట్టం వచ్చింది. ఇక్కడ గెలుపు లేదు, అసూయ లేదు, బంతికి నిజంగా నష్టముంది. గోల్ఫ్‌లో సామ్ స్నీడ్ సంగతీ అంతే. యాభై దాటాక చేతి వణుకు తట్టుకోలేక, బంతికి అటో కాలు ఇటో కాలు వేసి గుంత వైపు తిరిగి కొట్టడం మొదలుపెడితే, 1968 నుంచి ఆ భంగిమ కుదరదన్నారు. అక్కడ పెద్దల్ని బాధపెట్టింది గెలుపు కాదు, వాలకం. అందుకే అన్నిసార్లూ అనలేదు, చాలాసార్లు అన్నాను. (క్రికెట్ బ్యాటు వెడల్పు పరిమితి, గోల్ఫ్ గుంత వెడల్పు రెండూ నాలుగుంపావు అంగుళాలే. ఇది చెబితే సారు ఓ పూట మౌనంగా ఉంటాడు, ఎవరైనా విసిగినప్పుడు వాడుకోండి.)

అయితే రూల్సే వద్దా, రేపెవడో బిలియర్డ్స్ కర్ర తెచ్చి గుంతలోకి నెడితే ఒప్పుకుంటారా అని సారు గద్దిస్తాడు. నెట్టడం ఎప్పుడూ తప్పే, బంతిని కొట్టాలి. ఏ కర్రైనా 18 అంగుళాలకు తక్కువ ఉండకూడదు. పటర్ తల అడ్డంగా ఏడంగుళాలు మించకూడదు, ముందునుంచి వెనక్కి ఉన్న లోతు ఆ వెడల్పు కంటే తక్కువే ఉండాలి, కర్ర నిట్టనిలువుగా కాక కనీసం పది డిగ్రీలు వాలి ఉండాలి. ఈ గీతల లోపల పటర్‌కు మిగతా కర్రలకు లేని స్వేచ్ఛ ఇచ్చారు. మిగతావి 48 అంగుళాలు దాటకూడదు, దీనికి ఆ హద్దు లేదు. కర్ర తల మధ్యలోనైనా దిగొచ్చు, పట్టు గుండ్రంగా లేకపోయినా సరే. అంటే వింతకు చోటిచ్చిందే రూలు. 2025లో ఓక్‌మాంట్‌లో జె.జె. స్పాన్ అలాంటి వింత తలకాయ ఉన్న ల్యాబ్ అనే కంపెనీ పటర్‌తో, చివరి గుంత దగ్గర 64 అడుగుల దూరం నుంచి బంతి వేసి యూఎస్ ఓపెన్ గెలిచాడు. దాని ఆకారం చూస్తే ఇస్త్రీపెట్టెలా ఉందని సారు ఇప్పుడు కొత్త ఫైలు తెరిచాడు. గెలవకముందు అలాంటి పటర్లు చాలాకాలంగా మైదానాల్లో తిరుగుతున్నా ఆ ఫైలు లేదు.

సారును ఇరుకున పెట్టాలంటే డ్యామ్ వైపు వేలు చూపిస్తే చాలు. లోకంలో అంత ఎత్తు ఆనకట్టలు కాంక్రీటుతో పోస్తున్న కాలంలో, 1955లో పునాది పడ్డ నాగార్జునసాగర్‌ను రాతికట్టుతో 124 మీటర్లు లేపారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ, అందుకే ఆ పద్ధతి. ఈ సంగతి చెప్పేటప్పుడు సారు గొంతు పూడుకుపోతుంది. ఎట్ల కడితే ఏంది, నీళ్లు ఆగినయా లేదా అంటాడు. సరిగ్గా ఇదే మాట పటర్‌కు వర్తింపజేసి, ఎట్ల పడితే ఏంది సారూ, బంతి పడ్డదా లేదా అంటే, అది వేరు ఇది వేరు అంటాడు. ఎలా వేరో చెప్పమంటే టీ చెబుతాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని చూస్తే ముచ్చటేస్తుంది. 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో తీగల సాహిత్ ఇసుక గుంతలోంచి కొట్టేటప్పుడు, కర్ర వెనక్కి లాగే ఊపులో ఇసుకను తాకిందని తనే ఒప్పుకున్నాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది, అయినా టోర్నీలో మూడో స్థానంలో నిలిచాడు. పిల్లవాడు తన మీద తనే ఫిర్యాదు చేసుకున్న ఆ కథను సారు కళ్లనీళ్లు పెట్టుకుని పదిమందికి చెబుతాడు. మనోళ్ల పెంపకం అంటాడు. అందరూ తలలూపాక, కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని, ముందుకు వంగి అడుగుతాడు: "మరి గా దినం తక్కినోళ్ల కర్రలు ఇసుకకు తాకినయా లేదా, ఎవరన్న సూసిండ్రా?"